కార్తీక పున్నమికి బ్యాంకాక్ వెళ్ళిన మా పెద్దమ్మ

బయలుదేరిన రోజు

మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళకి పాస్‌పోర్టులు తీసి మూడేళ్ళయినా ఒక్క స్టాంపు కూడా పడలేదు. పెద్దమ్మకి డెబ్బై ఒకటి, మావయ్యకి అరవై ఏడు, అమ్మకి అరవై నాలుగు, అత్తకి అరవై. ఈసారి దసరా సెలవుల్లోనే గట్టిగా అనుకుని బ్యాంకాక్‌కి టికెట్లు తీసేశాను. తీశాక చూస్తే ఆ ఆరు రోజుల మధ్యలో కార్తీక పున్నమి పడింది. పెద్దమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టి, "వంశధారలో దీపం వదలకుండా నేను ఏ దేశమూ రాను" అని తేల్చేసింది. ఆవిడ పెళ్ళై ఆ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క ఏడు కూడా మానలేదు, జ్వరంతో ఉన్నా వెళ్ళింది. అక్కడా నది ఉంది, అదే పున్నమికి వాళ్ళూ నీళ్ళల్లో దీపాలు వదులుతారు అని చెప్తే నమ్మలేదు. ఫోన్‌లో వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, "అరటి డొప్పే కదే గుంటా అది" అంది. అలా ఒప్పుకుంది.

శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అంటే ఆమదాలవలసలో రైలెక్కి రాత్రంతా ప్రయాణం చేసి కోల్‌కతా వెళ్ళాం, విమానం అక్కణ్ణుంచి. ఐదుగురికి ఏడు బ్యాగులు. అందులో ఒకటి మొత్తం తిండిదే. చేగోడీలు, పలాస జీడిపప్పు, వేయించిన అటుకులు, చింతపండు, ఇన్‌స్టంట్ ఉప్మా. ఆవకాయ మాత్రం చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలని వారం ముందు నుంచీ చెప్తూ వచ్చాను, పచ్చళ్ళు చేతిసంచిలో పెడితే సెక్యూరిటీలో తీసేస్తారు. పచ్చడి విషయంలో అందరూ మాట విన్నారు. నేను అడగడం మర్చిపోయింది పెద్దమ్మ చేతిసంచిలో ఏముందని.

అందులో మూడొందల అరవై ఐదు వత్తుల కట్ట ఉంది, పక్కన అగ్గిపెట్టె ఉంది. ఎక్స్‌రే మిషన్ దగ్గర బెంగాలీ ఆఫీసరమ్మ సంచి పక్కకు లాగి, అగ్గిపెట్టె తీసి డబ్బాలో పడేసి, వత్తుల కట్ట విప్పింది. పెద్దమ్మ ఏడాదికి ఎన్ని రోజులో, రోజుకొక వత్తి ఎందుకో తెలుగులో మొత్తం వివరించడం మొదలుపెట్టింది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ మధ్యలో "కార్తీక పూర్ణిమ" అనే మాట వినబడగానే మొహం వెలిగింది. తనూ అదే మాట తన యాసలో అని, కట్టని మళ్ళీ దారంతో జాగ్రత్తగా చుట్టి, రెండు చేతులతో పెద్దమ్మకి ఇచ్చింది. వెనకాల క్యూ ఆగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

మొదటి రోజు

కోల్‌కతా నుంచి బ్యాంకాక్ రెండున్నర గంటలే. శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్ళి ఆసుపత్రిలో చూపించుకుని రావడానికి ఇంతకంటే ఎక్కువ అలిసిపోతామని అత్త అంది, నిజమే.

మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరు వెళ్ళే ముందు చూసుకోండి. ఆన్‌లైన్‌లో ముందుగా నింపాల్సిన ఫారం ఒకటి ఉంటుంది. అందులో వృత్తి అన్నచోట పెద్దమ్మ "రైతు అని రాయి" అంది. గృహిణి అని రాస్తానంటే కోపం వచ్చింది. ఎకరంన్నర ఆవిడ పేరు మీదే ఉంది, ఇప్పటికీ ఊడుపులకి గట్టు మీద నిలబడేది ఆవిడే. రైతు అనే రాశాను.

ఇమ్మిగ్రేషన్‌లో కాసేపు టెన్షన్ పడ్డాం. ఆఫీసరు పెద్దమ్మ, అమ్మ, మావయ్య పాస్‌పోర్టులు మూడూ పక్కపక్కన పెట్టి మార్చి మార్చి చూస్తున్నాడు. ముగ్గురికీ పుట్టినరోజు జులై 1. సంవత్సరాలు వేరు, తేదీ ఒకటే. వాళ్ళ కాలంలో బళ్ళో వేసేటప్పుడు మాస్టారు అందరికీ అదే తేదీ రాసేవారని, మా ఊళ్ళో సగం మంది జులై 1నే పుట్టారని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి పక్క కౌంటర్ ఆయనకి కూడా చెప్పాడు. ముగ్గురికీ విడివిడిగా "హ్యాపీ బర్త్‌డే" చెప్పి స్టాంపు కొట్టాడు. అప్పటికి కార్తీకమాసం.

మావయ్య రిటైరైన ఆర్టీసీ డ్రైవర్. ముప్పై ఏళ్ళు శ్రీకాకుళం, విశాఖ మధ్య బస్సు నడిపారు. అందుకే ఏ బండి ఎక్కినా ముందు సీటు ఆయనదే, అది మా ఇంట్లో శాసనం. థాయిలాండ్‌లో కూడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు కాబట్టి ఆయనకి కొత్తేమీ అనిపించలేదు, కానీ పావుగంట తర్వాత వెనక్కి తిరిగి, "ఒక్కడూ హారన్ కొట్టట్లేదే" అన్నారు. ట్రాఫిక్ మాత్రం మామూలుగా లేదు, ఒక్కో సిగ్నల్ దగ్గర టీ తాగి రావచ్చు. అయినా ఎవడూ మోగించడు. ఆ సాయంత్రం నుంచి మావయ్య హారన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మొదటి రోజు లెక్క సున్నా.

అమ్మా పెద్దమ్మా కార్తీకం నెలంతా నీసు ముట్టరు. అక్కడ కూరల్లో కూడా చేపల రసం వేస్తారు, మనం ఉప్పు వేసినంత మామూలుగా. కాబట్టి ఒక గుర్తు నేర్చుకున్నాను. పసుపు రంగు మీద ఎర్రగా, మన కళ్ళకి 17 అంకెలా కనిపించే అక్షరాలు ఉంటే అక్కడ మాంసం, చేప ఏమీ ఉండవని అర్థం. ఆ మాట "జే". తర్వాత వీధిలో నడుస్తుంటే అమ్మే ముందు కనిపెట్టేది, "అదిగో పదిహేడు" అని. మా తిండి మొత్తం పదిహేడు మీదే నడిచింది. మావయ్యకి ఆ నియమం లేదు, ఆయన చేపలు తిన్నారు, రోజుకొక రకం.

రెండో రోజు

ఈ రోజు గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నేను ఇంత బాగా నవ్వి ఇంత నేర్చుకున్న రోజు ఈ మధ్య లేదు.

గ్రాండ్ ప్యాలెస్‌కి వెళ్ళే దారిలో ఒక టుక్‌టుక్ అతను ఆపి, ఈరోజు ప్యాలెస్ మూసేశారు, నేను వేరే గుడి చూపిస్తా రండి అన్నాడు. మావయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, తెలుగులోనే, "ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, నా ఆటో ఎక్కండి అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను నాయనా" అన్నారు. భాష తెలియకపోయినా భావం చేరింది, అతను కూడా నవ్వేసి దారి చూపించాడు. ప్యాలెస్ తెరిచే ఉంది. మీరూ గుర్తుపెట్టుకోండి, రోడ్డు మీద ఎవరైనా మూసేశారంటే గేటు దాకా వెళ్ళి చూడండి.

లోపలికి చేతుల్లేని జాకెట్లు, నిక్కర్లు పనికిరావు. మా చీరలకి ఎవరూ ఏమీ అనలేదు, పైగా గేటు దగ్గర అమ్మాయిలు అత్త పట్టు అంచు పట్టుకుని చూశారు.

ఇంగ్లీషు మాట్లాడే గైడ్ ఒకామెని మాట్లాడుకున్నాం. ఆమె ముందు బ్యాంకాక్ అసలు పేరు చెప్తానని ఊపిరి బిగబట్టి అందుకుంది. క్రుంగ్ థెప్ అని మొదలై ఆగకుండా సాగే పేరు అది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింటూ, దొరికిన మాట దొరికినట్టు పట్టుకుంది. మహానగరం, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య, నవరత్న, రాజధాని, చివర్లో విశ్వకర్మ. "పేరు కాదే ఇది, సంకల్పం చెప్తోంది" అంది.

తర్వాత పచ్చ బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న వరండా. దాని గోడల పొడుగునా రామాయణం, మొత్తం 178 చిత్రాలు. వాళ్ళు రామకియెన్ అంటారు. రావణుణ్ణి థోత్సకాన్ అంటారని గైడ్ చెప్తే నాకు తట్టలేదు, పెద్దమ్మే "దశకంఠుడు" అంది. ఇక అక్కణ్ణుంచి ఆవిడని ఆపలేకపోయాం. వారధి కడుతున్న బొమ్మ దగ్గర గైడ్ ఆగి, రావణుడి కూతురు ఒక మత్స్యకన్య ఉందనీ, ఆమె రాళ్ళు ఎత్తుకుపోతుంటే హనుమంతుడు పట్టుకోబోయి ప్రేమలో పడ్డాడనీ, వాళ్ళకొక కొడుకు పుట్టాడనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి ఆగిపోయారు. "ఎవరికి పుట్టాడూ?" అంది అమ్మ.

"హనుమంతుడికి."

"ఏటే గుంటా, సరిగ్గా విన్నావా?"

సరిగ్గానే విన్నాను. అమ్మకి కోపం వచ్చేసింది, ఆంజనేయస్వామిని పట్టుకుని అలా అంటారా అని. మంగళవారం ఉపవాసం ఉండే మనిషి. గైడ్ మొహం చిన్నబోయింది. అప్పుడు పెద్దమ్మ గోడకి ఇంకాస్త దగ్గరగా వెళ్ళి, ఆ పిల్లాడి పేరేటో అడగమంది. మచ్చాను. వాడు పెద్దయ్యాక ఎక్కడ ఉంటాడు? పాతాళంలో, మైయరాప్ అనే రాక్షసుడి దగ్గర కాపలా. ఆ రాక్షసుడు ఏం చేశాడు? నిద్రపోతున్న రాముణ్ణి ఎత్తుకుపోయాడు.

పెద్దమ్మ చేతులు రెండూ చరిచింది. "మైరావణుడు! అది మైరావణుడి కథే! ఆ పిల్లాడు మత్స్యవల్లభుడు!" మన కథలో హనుమంతుడు సముద్రం మీద పోతుంటే ఆయన చెమట బొట్టు ఒక చేప మింగుతుంది, దానికి పుట్టినవాడు మత్స్యవల్లభుడు, పాతాళంలో తండ్రీ కొడుకూ ఒకరినొకరు తెలియక కొట్టుకుంటారు. చిన్నప్పుడు ఊళ్ళో రాత్రంతా హరికథ చెప్తుంటే తాతగారి ఒళ్ళో కూర్చుని విన్నానని చెప్పింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు పుట్టింది మా పక్క జిల్లా అజ్జాడలోనే, మా వైపు పాతతరం వాళ్ళకి ఇలాంటి కథలు పుస్తకం చూసి చెప్పాల్సిన పని లేదు. ఇంకో చిత్రంలో హనుమంతుడు కొండంత పెరిగి, రాముడున్న మండపాన్ని నోట్లో పెట్టుకుని కాపాడుతున్నాడు. "మనాడు తోకతో కోట కట్టాడు, ఇక్కడ నోట్లో దాచుకున్నాడు. ఎలగైతేనేం, దాచాడా లేదా" అని పెద్దమ్మ తీర్పు చెప్పింది. అమ్మ శాంతించింది. చెమట బొట్టు సంగతి గైడ్‌కి తెలీదట, ఫోన్ తీసి రాసుకుంది. మా వెనకాల ఎవరో పదిమంది విదేశీయులు ఆగి వింటున్నారు, వాళ్ళలో ఒకాయన ఇక్కడ గైడ్ ఎవరు, ఈ పెద్దావిడా అని నన్ను అడిగాడు.

హారన్లు: రెండు.

మూడో రోజు

వాట్ ఫోలో పడుకున్న బుద్ధుడి పొడవు 46 మీటర్లు. అంకె చెప్తే ఎవరికీ పట్టదు, మావయ్య మాత్రం అడుగులేసి నాలుగు బస్సులు వరసగా పెట్టినంత అన్నారు. మా ఊరికి దగ్గర్లో శాలిహుండం కొండ ఉంది, వంశధార ఒడ్డున, బౌద్ధ స్తూపాలున్న చోటు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు దాన్ని వెలుగులోకి తెచ్చారు. మేం చిన్నప్పుడు వనభోజనాలకి వెళ్ళేవాళ్ళం, ఆ ఇటుకల మీద కూర్చునే పులిహోర తిన్నాం. ఇక్కడ ఇంత బంగారు విగ్రహం ముందు నిలబడి అత్త అడిగింది, మన కొండ మీద కూడా ఒకప్పుడు ఇలా జనం వచ్చేవారా అని. వచ్చేవారు కదా, కళింగపట్నం రేవు అక్కడే కదా అన్నాను.

విగ్రహం వెనక గోడ పక్కన 108 ఇత్తడి గిన్నెలు వరసగా ఉంటాయి. 20 బాత్ ఇస్తే చిన్న చిన్న నాణేల గిన్నె ఇస్తారు, ఒక్కో గిన్నెలో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. ఆ వేస్తున్నప్పుడు హాలంతా టింగ్ టింగ్ అని ఒకటే చప్పుడు. పెద్దమ్మ ఒక్కో గిన్నె దగ్గరా ఆగి, నాణెం కళ్ళకద్దుకుని, పేరు చెప్పి వేసింది. మనవలవి, మనవరాళ్ళవి, పొరుగువాళ్ళవి, కౌలుకి చేసే ఆయనది, ఆవుది. చివరికొచ్చేసరికి నాణేలు అయిపోయాయి, ఇంకా ఆరు గిన్నెలున్నాయి. కొంగు ముడి విప్పి మన రూపాయి బిళ్ళలు తీసి వేసింది. ఆ ఆరు పేర్లు ఎవరివని అడిగితే చెప్పలేదు.

థాయ్ మసాజ్ నేర్పే బడి ఆ గుడి ఆవరణలోనే ఉంది. ముప్పై ఏళ్ళు క్లచ్ తొక్కిన కాళ్ళు కాబట్టి మావయ్యకి పాదాల మసాజ్ అని ముందే అనుకున్నాం, ఆయన కూర్చున్న రెండో నిమిషంలో గుర్రుపెట్టారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు, ముక్కూ మొహం తెలియని పిల్ల చేత కాళ్ళు పట్టించుకోవడం ఏమిటని. బతిమాలి కూర్చోబెట్టాం. ఆ అమ్మాయికి ఇరవై ఐదేళ్ళుంటాయేమో. ముందు చేతులు జోడించి, వంగి, పెద్దమ్మ రెండు పాదాలూ పట్టుకుంది. పాదాల పగుళ్ళలో మా పొలం మన్ను ఎన్ని కడుగుళ్ళకీ పోని నల్లటి గీతలుగా ఉండిపోయింది. ఆ గీతల మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాసింది. కాళ్ళు పట్టుకున్న మనిషిని ఊరికే వదిలేయడం పెద్దమ్మకి తెలీదు కదా, అలవాటుగా చెయ్యి ఆ పిల్ల తల మీదకి వెళ్ళిపోయింది, "నిండు నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అని. థాయ్‌లాండ్‌లో తల ముట్టుకోకూడదు, నాకు గుండె ఆగినంత పనైంది. ఆ అమ్మాయి కదల్లేదు. తల అలాగే వంచి ఉంచి, కళ్ళు తుడుచుకుంది. నేను క్షమించమని అడగబోతే, మా అమ్మమ్మ ఇలాగే చేసేది అంది.

బయటికొచ్చి పడవలో నది దాటాం. అవతలి ఒడ్డున వాట్ అరుణ్. అరుణుడి పేరే. గోపురం నిండా పింగాణీ ముక్కలు పూలలా అతికారు. పెద్దమ్మకి పేరు చెప్పగానే, "సూర్యుడి రథం తోలేవాడు ఇక్కడున్నాడు, సూర్యుడు మన అరసవల్లిలో ఉన్నాడు" అంది. మెట్లు బాగా నిటారు, మోకాళ్ళు అరిగినవాళ్ళు కింద నుంచే చూడండి. హారన్ ఒకటి, అదీ పడవది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని మావయ్య రాత్రి దాకా ఆలోచించారు. తీసుకోలేదు.

నాలుగో రోజు

అయుత్థయ. పేరు అయోధ్య నుంచి వచ్చిందే. 1350లో కట్టిన రాజధాని, 1767లో బర్మా సైన్యాలు నాశనం చేశాయి. రైల్లో మూడో తరగతిలో వెళ్ళాం, టికెట్ చాలా చవక, కిటికీలు తెరిచి ఉంటాయి, అమ్మేవాళ్ళు వస్తూనే ఉంటారు, మా వాళ్ళకి ఏసీ కారు కంటే ఇదే నచ్చింది. పనస తొనలు గింజ తీసి పొట్లం కట్టి అమ్ముతుంటే అత్త, గింజలు ఏం చేస్తారో అడుగు అని నన్ను పొడుస్తూనే ఉంది. పనసగింజల కూర మాట ఆవిడ మర్చిపోదు.

వాట్ మహాథాట్‌లో చెట్టు వేళ్ళ మధ్య బుద్ధుడి తల ఇరుక్కుని ఉంటుంది. ఫోటో తీసుకోవాలంటే ఆ తల కంటే కిందకి కూర్చోవాలి. నలుగురైదుగురు మన తెలుగు కుర్రాళ్ళే, నిలబడి సెల్ఫీలు దిగుతూ కాపలా ఆయనతో వాదిస్తున్నారు. పెద్దమ్మ వెనక నుంచి, "బాబూ, దేవుడి కంటే ఎత్తుగా నిలబడతారేటి, కూచోండి" అంది. ఆ దేశంలో, ఆ శిథిలాల మధ్య, అచ్చం వాళ్ళ నాయనమ్మ గొంతు వినబడేసరికి అందరూ దబ్బున కూలబడ్డారు. ఒకబ్బాయిది పాలకొండట. తర్వాత వాళ్ళే మా బ్యాగులు స్టేషన్ దాకా మోసి, చేగోడీలు మొత్తం ఖాళీ చేశారు.

ఐదో రోజు, పున్నమి

పొద్దున్న పెద్దమ్మ స్నానం చేసి ఉపవాసం. మధ్యాహ్నం నెయ్యి కోసం ఫాహురాత్ వెళ్ళాం, అక్కడ మనవాళ్ళ కొట్లు చాలా ఉంటాయి. ఒక సర్దార్జీ కొట్లో ఆవు నెయ్యి దొరికింది. కుంకుమ ఆయనే ఊరికే ఇచ్చాడు.

ఆ పండుగని వాళ్ళు లోయ్ క్రథోంగ్ అంటారు. సాయంత్రానికి రేవుకి వెళ్ళే వీధంతా బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. అరటి బోదెని చక్రంలా కోసి, చుట్టూ అరటాకు మడతలు గుచ్చి, పూలు, మూడు అగరొత్తులు, ఒక కొవ్వొత్తి. పెద్దమ్మ తయారైనది కొనలేదు. ఒక ముసలావిడ పక్కన పీట లేకుండా కింద కూర్చుని, బోదె ముక్క ఒకటి అడిగి తీసుకుంది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. ఆవిడ ఆకు ఎలా మడవాలో చూపిస్తే ఈవిడ మడిచింది, ఈవిడ వత్తుల కట్టకి నెయ్యి రాస్తుంటే ఆవిడ గిన్నె పట్టుకుంది. ఆవిడ నీళ్ళ వైపు చూపించి దణ్ణం పెట్టి, "మే ఖోంఖా" అంది. మే అంటే అమ్మ. పెద్దమ్మ నా వైపు చూసి, "గంగమ్మ అంటోందే" అంది. అవును, వాళ్ళు ఆ రాత్రి దణ్ణం పెట్టేది గంగమ్మకే.

అగ్గిపెట్టె కోల్‌కతాలో పోయింది కదా. ఆవిడే లైటర్ ఇచ్చింది.

అన్ని దీపాలూ సన్నగా వెలుగుతుంటే మాది మాత్రం భోగిమంటలా లేచింది. మూడొందల అరవై ఐదు వత్తులు, నెయ్యి నిండా. చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి తగ్గి ఫోన్లు తీశారు. రేవు దగ్గర కాపలా అబ్బాయి నీళ్ళ బకెట్‌తో పరిగెత్తుకొచ్చాడు. ఆ ముసలావిడ లేచి అతనికి అడ్డంగా నిలబడి ఏదో గట్టిగా చెప్పింది, ఏం చెప్పిందో గానీ అతను బకెట్ కింద పెట్టి, మావయ్యతో కలిసి పెద్దమ్మని జాగ్రత్తగా మెట్టు దించాడు. డొప్ప నీళ్ళ మీద పెట్టి మూడుసార్లు నీళ్ళు తోసింది. ఒక పెద్ద పడవ పోయిన అలకి చుట్టూ ఉన్న దీపాలు కొన్ని ఆరిపోయాయి, మాది పక్కకి ఒరిగి, మళ్ళీ నిలబడింది. వంతెన దాకా కనిపించింది. మావయ్య వీడియో కాల్‌లో ఇంట్లో అందరికీ చూపిస్తున్నారు, అక్కడ మనకంటే గంటన్నర ముందు కాబట్టి మా ఊళ్ళో అప్పటికింకా దీపాలు పెట్టలేదు. "మనమే ముందు పెట్టేశాం" అని పెద్దమ్మకి ఎంత సంతోషమో.

ఆ రాత్రి హారన్లు లెక్కపెట్టడం మావయ్య మర్చిపోయారు.

ఆరో రోజు

సువర్ణభూమి విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ దాటగానే ఎదురుగా క్షీరసాగర మథనం. ఒక చివర రాక్షసులు వాసుకి తల పట్టుకుని, ఇంకో చివర దేవతలు తోక పట్టుకుని, మధ్యలో మందరగిరి, దాని మీద విష్ణువు. నేను ముందే చెప్పలేదు, కావాలనే. అమ్మా అత్తా అక్కడే చెప్పులు విప్పేశారు. డ్యూటీ ఫ్రీ సంచులు పట్టుకుని పోతున్నవాళ్ళ మధ్యలోంచి ఇద్దరూ ప్రదక్షిణ మొదలుపెట్టారు, వెనకాల ఎవరో ఒక పాప కూడా తిరిగింది.

పెద్దమ్మ మాత్రం పైన విష్ణువుని చూడట్లేదు. నేల మీద కూర్చుని, కొండ కిందకి వంగి చూస్తోంది. మాది శ్రీకూర్మం పక్క ఊరు. కొండ మోసినవాడు మా దేవుడు. తాబేలు కనబడగానే దణ్ణం పెట్టి, నన్ను పిలిచి, "మొహం ఏ దిక్కుకుందో చూడు" అంది. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలుంటాయి, మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఫోన్‌లో దిక్సూచి తెరిచాను. ఆ ఇనుప కట్టడంలో ముల్లు ఒకచోట నిలవట్లేదు, చుట్టూ తిరుగుతోంది. ఈలోగా మా విమానానికి పిలుపొచ్చింది, గేటు చాలా దూరం, మావయ్య అప్పటికే బ్యాగులన్నీ ట్రాలీకి ఎక్కించి చెయ్యి ఊపుతున్నారు.

"తెలియట్లేదు పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ నా భుజం పట్టుకుని లేచి, చీర దులుపుకుంది. "పడమరే అయ్యుంటుందిలే. పద."